ఎడమచేతి ముడి

కొల్లేటి లంకల్లో నాగులు గొంతు ఎరగనివాళ్ళు లేరు. దోనెలో నిలబడి అవతలి గట్టు మీది మనిషిని పిలిచాడంటే, ఆ మనిషితోపాటు పిలవనివాళ్ళు మరో ఇద్దరు తిరిగి చూసేవారు. అంత గొంతున్నవాడు సొంత మనవరాలిని మాత్రం పుట్టిన్నాటినుంచీ ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు. "పిల్లా" అనేవాడు, అంతే.

అందులో ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. పిల్ల పేరు పేరమ్మ. అది నాగులు చనిపోయిన భార్య పేరు. పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచే మొగుడు ఆ రోజుల్లో ఆ లంకలో లేడు. అత్తగారి పేరు కోడలి నోట రావడమైతే మరీ విడ్డూరం, అందుకని కోడలు సన్యాసమ్మ కూడా "పిల్లా" అనే అనేది. కొడుకు ఎల్లారావుకి కన్నతల్లి పేరుతో కూతుర్ని కసురుకోవడానికి నోరొచ్చేది కాదు. పెద్దావిడ పేరు నిలబెట్టాలని ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఇంట్లో ఒక్కళ్ళూ వాడక, కొత్త చీరలా పెట్టెలోనే ఉండిపోయింది.

ఆ పిల్లకు ఆరేళ్ళొచ్చాయి. మాట మాత్రం రాలేదు.

చెవుడు అందామా అంటే కాదు. ఇంటి వెనక నీళ్ళలో చేప ఎగిరితే అందరికన్నా ముందు తిరిగేది ఆ పిల్ల తలే. తెలివి తక్కువ అందామా అంటే అంతకన్నా కాదు. పీట తెమ్మంటే తెస్తుంది, అది కాదు పెరట్లో ఉన్న ముక్కాలిపీట అంటే మారుమాట లేకుండా వెళ్ళి అదే తెస్తుంది. చేపలన్నిటికీ చేతులతో పేర్లు పెట్టుకుంది. పెదవుల పక్కన రెండు వేళ్ళు ఆడిస్తే జెల్ల. అరచెయ్యి మెలికలు తిప్పితే కొరమేను. మీసం మెలేసినట్టు చేస్తే తాత. గొంతూ ఉంది, కిలకిలా నవ్వుతుంది, ఏడిస్తే పక్కింటికి వినపడుతుంది. మాట్లాడబోయినప్పుడే ఆ నోరు పడే అవస్థ చూడలేం. పెదవులు ముందుకొస్తాయి, వెనక్కి పోతాయి. నాలుక ఒక మూల వెతుకుతుంది, ఇంకో మూల వెతుకుతుంది. చివరికి "ఆవ" అనో "ఉగ" అనో ఏదో ఒకటి బయటపడుతుంది. ఇంకోసారి అడిగితే అదీ రాదు, మరోటి వస్తుంది.

పురిట్లోనే వస పోశారు. తల్లిపాలలో వసకొమ్ము అరగదీసి పసిబిడ్డ నాలుకకి రాస్తే మాటలు గలగలా వస్తాయని అందరి నమ్మకం. ఎవరైనా మరీ వాగితే వీడికి వస ఎక్కువ పోశార్రా అనేది అందుకే. ఇంట్లో పెద్దాడది లేదు కాబట్టి ఆ పని నాగులే చేశాడు. మూడో ఏడు నిండినా పిల్ల పలకకపోయేసరికి, తన చేతితో తక్కువ పడిందేమోనని అనుమానం పట్టుకుని ఈసారి చిక్కగా అరగదీసి పోశాడు. పిల్ల ఆ పూటంతా వాంతులు చేసుకుంది. సన్యాసమ్మ మామగారిని ఏమీ అనలేక వసకొమ్ముని తీసుకెళ్ళి కొల్లేట్లో పారేసింది.

జనం ఊరికే ఉంటారా. "ఇంకెక్కడి మాటలమ్మా, ముసల్దానికి అలక తీరక మళ్ళీ వచ్చింది" అని పక్కింటి రత్తమ్మ తేల్చేసింది. రత్తమ్మ తేల్చాక లంకలో ఇంకెవరూ ఆలోచించే పని పెట్టుకునేవారు కాదు.

అలక సంగతి లంకందరికీ తెలిసిందే. బతికుండగా పేరమ్మ ఉత్త వసపిట్ట. నాగులు వసారా గుంజకి వల కట్టుకుని అల్లుతుంటే పక్కనే కూర్చుని ప్రతి ముడీ చూసేది. నచ్చకపోతే "అట్టా కాదు" అని తనే విప్పేసేది. నాగులు ముడికి వంక పెట్టగల మనిషి ఆ చుట్టుపక్కల ఆవిడొక్కతే, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అలాంటి మనిషి ఒకనాడు గట్టు మీద, చేపలు కొనడానికొచ్చిన వ్యాపారిని తక్కెడ సరిగ్గా పట్టుకోమని పదిమందిలో కడిగిపారేసింది. వ్యాపారి ముందు తల కొట్టేసినట్టయి నాగులు గొంతంతా విప్పి అరిచాడు. "నీ నోరు పడిపోను, ఇంటికి పో."

ఆ తిట్టు ఆ ఇళ్ళలో పొద్దున్నా సాయంత్రమూ వినపడేదే. ఎవరూ పట్టించుకోరు. పేరమ్మ పట్టించుకుంది. ఆ రోజునుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే వసారా గుంజకి చెప్పేది. "ఓ గుంజా, అన్నం చల్లారిపోతా ఉంది." "ఓ గుంజా, ఆ చొక్కా విప్పితే ఉతికి పారేస్తాను." నాగులూ తక్కువవాడు కాదు, ఆయనా గుంజకే బదులిచ్చేవాడు. లంకంతా నవ్వుకుంది. వాళ్ళిద్దరూ కూడా లోలోపల నవ్వుకునే ఉంటారు గానీ ఎవరూ తగ్గలేదు. అలా ఉండగానే ఒక వానాకాలం ఆవిడకి జ్వరం తగిలి మంచం పట్టింది. పోయేముందు ఆయన్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఏం చెప్పబోయిందో ఆయనకి తెలియలేదు, గుంజకీ తెలియలేదు.

ఆ మరుసటేడు పుట్టిన పిల్లకు ఆవిడ పేరు పెట్టారు. పిల్ల నోరు పలకలేదు. రత్తమ్మ దాన్ని అలక అంది. నాగులు మనసులో అనుకున్నది అంతకన్నా ఘోరం. తను విసిరిన తిట్టు ఆ పేరుని పట్టుకుని వచ్చి ఈ పసిదాని నోటి మీద పడిందనుకున్నాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. తన కళ్ళు మూతపడేలోగా ఈ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, అదొక్కటే ఆయన కోరిక.

ఆ ఒక్క మాటా ఒకసారి వచ్చింది కూడా. పిల్లకప్పుడు నాలుగేళ్ళు. నాగులు చేపలవేటనుంచి వచ్చి దోనె కట్టేస్తుంటే గట్టుమీదనుంచి "తాతా" అన్న పిలుపు వినిపించింది. తిరిగి చూస్తే పిల్ల. స్పష్టంగా, ఎక్కడా తడబాటు లేకుండా అంది. పిల్లని భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిప్పాడు. "ఏదీ, మళ్ళీ అను. తాతా అను." పిల్ల నోరు తెరిచింది. పెదవులు వెతుక్కున్నాయి. ఏమీ రాలేదు. బెల్లం చూపించారు, బొమ్మ చూపించారు, చుట్టూ మూగి అనమ్మా అనమ్మా అని ఊదరగొట్టారు. పిల్ల బిక్కమొహం వేసి ఆయన మీసం వంక చూస్తూ వేళ్ళు మెలేసింది. "రాక కాదు, అనకూడదని" అన్నారెవరో. నాగులుకి గుంజతో మాట్లాడిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చెయ్యెత్తి పిల్ల వీపు మీద ఒక్కటిచ్చాడు.

ఆ తర్వాత ఇంటి వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చాడు గాని, ఏం లాభం. ఆ రోజునుంచి పిల్ల ఆయన దగ్గర నోరు తెరవడమే మానేసింది. దూరంనుంచి మీసం మెలేసి చూపించేది, దగ్గరికి పిలిస్తే తల్లి చీర వెనక్కి పోయేది.

సన్యాసమ్మ కైకలూరులో కొన్ని ఇళ్ళకు చేపలు వేసేది. వాటిలో వెంకటరత్నమ్మగారిల్లు ఒకటి. ఒకసారి తల్లి వెంట వచ్చిన పిల్లని ఆవిడ కాసేపు గమనించి, "ఏమే సన్యాసమ్మా, దీనికి చెవులూ బుద్ధీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మాటొక్కటే రాకపోవడమేంటే? బెజవాడలో మాటలు నేర్పే అమ్మాయొకతి కొత్తగా వచ్చింది. మైసూరు వెళ్ళి అదే చదువు చదువుకొచ్చిందట. మా మేనల్లుడి నత్తికి అక్కడికే తీసుకెళ్తున్నాం. ఓసారి చూపించండి" అంది.

ఎల్లారావుకి వేట రోజులు. నాగులు తోడు బయల్దేరాడు. శాపానికి మందేముంటుందని మనసులో ఉన్నా పైకి అనలేదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి, సగం అల్లిన వలముక్కా, దారం చుట్టిన వెదురుపుల్లా సంచిలో పడేసుకున్నాడు. నైలాన్ దారం కొత్తగా వచ్చిన రోజులవి, చేతికి జారిపోతోందని దారిపొడుగునా దాన్ని తిట్టుకుంటూనే అల్లాడు. కైకలూరులో రైలెక్కి, పిల్ల కిటికీకి ముక్కు ఆనించి కూర్చోగా, మధ్యాహ్నానికి బెజవాడ చేరారు.

ఛాయాదేవి అనే ఆ అమ్మాయి నాగులు కళ్ళకి కోడలికన్నా చిన్నదానిలా కనిపించింది. బల్ల వెనక కుర్చీ ఉన్నా అందులో కూర్చోలేదు. కింద చాప వేసి పిల్లకి ఎదురుగా బాసింపట్టు వేసుకుంది.

"పాప పేరేంటండి?" అని అడిగింది.

సన్యాసమ్మ మామగారి వంక చూసింది. మామగారు పైకప్పు వంక చూశాడు. పిల్ల ఇద్దరి వంకా చూసింది.

"మా అత్తగారి పేరండి" అంది చివరికి సన్యాసమ్మ, నేల చూస్తూ. "నేను అనకూడదండి."

"మరి మీరు చెప్పండి, తాతగారూ."

"మా ఇంటిదాని పేరండి అది" అని నాగులు గొంతు సవరించుకున్నాడు. మాట ముందుకు రాలేదు. చెప్పేద్దామనే అనుకున్నాడు కూడా. ఆ పేరు నోట్లోంచి ఎలా వస్తుందో ఆయనకే అంతుపట్టలేదు.

సన్యాసమ్మే ఉపాయం పట్టింది. "మీరిప్పుడు ఏదడిగారో దానికి అమ్మ తగిలించండి."

ఛాయాదేవి కాసేపు ఆలోచించి, "పేరమ్మా?" అంది. ఇద్దరూ గబగబా తలలూపారు. పిల్ల ఎవరో కొత్తమనిషి గదిలోకి వచ్చినట్టు చూసింది. ఛాయాదేవి నవ్వలేదు. "పేరమ్మా, మంచి పేరు నీది" అని పిల్ల చెయ్యి పట్టుకుంది.

చాలాసేపు ఆడించింది. వెనకనుంచి మెల్లగా గంట వాయించి చూసింది. బొమ్మలు పరిచి, ఆవు చూపించమ్మా, పడవ చూపించమ్మా అంది. అన్నీ టకటకా చూపించింది పిల్ల. పెదవి చివర కాస్త పంచదార అంటిస్తే నాలుక సూటిగా వెళ్ళి నాకేసింది. పంచదార లేకుండా "ఇప్పుడు నాలుక ఇందాకటి చోట పెట్టు" అంటే మాత్రం పిల్ల తలంతా అటూ ఇటూ తిప్పింది గానీ నాలుకకి ఆ చోటు దొరకలేదు. వెలుగుతున్న కొవ్వొత్తి పెడితే ఉఫ్ఫుమని ఆర్పేసింది. కొవ్వొత్తి తీసేసి ఊదమంటే పెదవులు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాయి. ఛాయాదేవి మొహంలో అప్పుడు కాస్త వెలుగొచ్చింది.

"దీన్ని అప్రాక్సియా అంటారండి" అని మొదలుపెట్టింది. మెదడు అంది, కండరాలు అంది, సమన్వయం అంది. మామా కోడలూ శ్రద్ధగా తలూపారు. ఆ ఊపు చూస్తేనే ఒక్క ముక్క ఎక్కలేదని ఆ అమ్మాయికి తెలిసిపోయింది. చదువుకున్నది అంతా వాళ్ళకి అందేలా చెప్పడం ఆమెకీ ఇంకా చేతకాలేదు. ఆగిపోయింది.

ఆ ఆగిన సందులో నాగులు నోరు విప్పాడు. "అమ్మగారండీ, మీరు పెద్ద చదువు చదివారు. కానీ ఇది మీ వల్ల అయ్యేది కాదండి. పిల్ల నోటికి తగిలింది నా తిట్టండి." గట్టు మీద జరిగిందీ, గుంజతో మాటలూ, ఆవిడ పోయేముందు కదిలిన పెదవులూ అన్నీ చెప్పేశాడు. ఒకసారి ఈ పిల్ల తాతా అన్న సంగతి కూడా చెప్పాడు. "వచ్చిన మాట మళ్ళీ రాకపోవడమేంటండి? పేరుతోపాటు అలకా వచ్చింది. నా మీద కోపమండి దీనికి." తిట్టు తగిలిందన్న మాట ఆయన నోట సన్యాసమ్మ మొదటిసారి వింటోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాట్లాడుతున్నంతసేపూ నాగులు చేతులు ఒళ్ళోని వలముక్క మీద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కుడిచేతిలో వెదురుపుల్ల దూరడం, తిరగడం, ముడి బిగియడం ఛాయాదేవి చూస్తూనే ఉంది.

"ఆ పుల్ల ఎడమచేతిలోకి మార్చుకోండి" అంది. "ఒక్క ముడి వెయ్యండి."

నాగులు మార్చుకున్నాడు. పుల్ల అడ్డంగా వెళ్ళింది. వెనక్కి లాగి మళ్ళీ దూర్చాడు, దారం వేలికి చుట్టుకుంది. బిగించాననుకుని వదిలితే మొత్తం జారిపోయింది. పిల్ల ఆశ్చర్యంగా చూసింది. తాత చేతిలో దారం మాట వినకపోవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

"ముడి ఎలా వెయ్యాలో మీకు తెలీదా?" అని అడిగింది ఛాయాదేవి.

"కళ్ళు మూసుకుని వేస్తానండి."

"మరి ఈ చెయ్యి బాగోలేదా? పడిపోయిందా?"

"బానే ఉందండి. తెడ్డు వేస్తుంది, మూట మోస్తుంది."

"మీ మీద అలిగిందా?"

"చెయ్యి అలగడమేంటండి?"

"ఎవరైనా దాన్ని తిట్టారా?"

నాగులు జారిపోయిన దారాన్ని మళ్ళీ పుల్లకి చుట్టాడు.

"ముడి మీ బుర్రలో ఉందండి. చేతికి బలమూ ఉంది. బుర్రలోంచి ఆ చేతికి దారి పడలేదు, అంతే. ఈ పాపకి మాటలన్నీ లోపల ఉన్నాయి. నాలుకకి ఆ దారి తెలీదు. ఎప్పుడైనా ఒకసారి కుదిరి తాతా అని వచ్చేస్తుంది. అదే మళ్ళీ అనమంటే ఎటునుంచి వెళ్ళిందో దానికి గుర్తుండదు. మనం ఎంత అడిగితే అంత తప్పిపోతుంది. మీ ఎడమచేతికి మీ మీద కోపం లేనట్టే, దీనికీ మీ మీద కోపం లేదు."

నాగులు చేతిలోని పుల్ల వంక చూశాడు. "దారి పడుతుందంటారా?" అన్నాడు.

"ఎంతవరకు పడుతుందో ఇప్పుడే చెప్పలేను. నెలల్లో అయ్యే పని కాదు. రోజూ కొంచెం కొంచెం, అదే మాట, నిదానంగా, పాప మీ నోరు చూస్తూ అనాలి. అలిసిపోతే ఆపెయ్యాలి. పదిమందిలో అనిపించకూడదు. మొదట రెండు మూడు మాటలు పట్టుకుందాం. ఏది కావాలి?"

"అమ్మ అండి" అంది సన్యాసమ్మ.

"తాత" అన్నాడు నాగులు, కాస్త సిగ్గుపడుతూ.

"అమ్మ నేర్పుదాం. తాత తర్వాత చూద్దామండి, అది మీకు కావాల్సిన మాట. పాపకి ఏది కావాలో చూద్దాం ఉండండి." ఛాయాదేవి పిల్ల ముందు ఒక బిస్కెట్టూ ఒక బంతీ పెట్టింది. పిల్ల బంతి చూపించింది. ఆమె కావాలని బిస్కెట్టు ఇచ్చింది. పిల్ల తల అడ్డంగా ఊపి, చెయ్యి విదిలించి, మళ్ళీ బంతి చూపించింది. ఆమె మళ్ళీ బిస్కెట్టే ఇచ్చింది. పిల్లకి కళ్ళనీళ్ళొచ్చేశాయి, బిస్కెట్టు విసిరికొట్టింది.

"చూశారా" అంది ఛాయాదేవి, గబుక్కున బంతి పిల్ల ఒళ్ళో పెట్టి. "దీనికి కావాల్సింది 'కాదు' అనే మాట. మనం రోజంతా ఏదో ఒకటి తప్పుగా అనుకుంటూనే ఉంటాం. అది కాదు అని చెప్పుకోలేకపోవడం కన్నా కష్టమేముంది?"

ఆమె తన రెండు వేళ్ళు పిల్ల గడ్డం కింద మెత్తగా ఆనించి, "కా" అని నోరు తెరిచి చూపించింది. పిల్ల నోరు తెరుచుకుంది. "ఆ" అని వచ్చింది. "బాగుంది" అంది ఛాయాదేవి. నాగులుకి అందులో బాగున్నదేమిటో తెలియలేదు గానీ, ఆ మాట వినగానే పిల్ల భుజాలు వదులవడం చూశాడు.

తిరుగు రైల్లో ఆయన పుల్ల కుడిచేతిలోకి మార్చుకోలేదు. గుడివాడ వచ్చేదాకా ఎడమచేత్తో ఒక్క ముడి కోసం కుస్తీపట్టాడు. ఎదుటి సీటులోని పెద్దమనిషి జాలిగా చూసి, పక్షవాతమా అని అడిగాడు.

ఆ తర్వాత వసారాలో ఇదొక తంతు అయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుంజకి రెండు వలలు కట్టేవాడు నాగులు. ఒకటి అమ్మడానికి, కుడిచేత్తో. ఇంకొకటి ఎందుకూ పనికిరానిది, ఎడమచేత్తో. సన్యాసమ్మ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని గడ్డం కింద వేళ్ళు ఆనించి, "కా... దు" అనేది. పిల్ల "ఆ" అనేది, "గా" అనేది, ఒక్కోరోజు గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. పక్కన తాత ముడి జారిపోయేది. మొదట్లో పిల్ల ఆయన్ని ఓరగా చూసేది. ముడి జారినప్పుడల్లా ఆయన నాలుక కరుచుకోవడం చూసి ఒకనాడు ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ మర్నాడు తల్లి పక్కనుంచి లేచి కాస్త ఇటు జరిగి కూర్చుంది.

నెలకు రెండుసార్లు బెజవాడ వెళ్ళేవారు. "అమ్మ" వచ్చింది, కొన్నాళ్ళు పోయింది, మళ్ళీ వచ్చి ఈసారి నిలబడింది. సన్యాసమ్మ ఆ పూట పొయ్యి మీద పులుసు మాడ్చేసింది.

ఒకనాడు నాగులు ఎడమచేతికి ముడి కుదిరింది. ఎలా కుదిరిందో ఆయనకే తెలియదు. చేపలబుట్ట ఎత్తుకుని పోతున్న రత్తమ్మ అది చూసి ఆగిపోయింది. "ఓయబ్బో, ఎడంచేత్తోనే. ఏదీ, మళ్ళీ ఎయ్యి మావా, చూద్దాం." నాగులు పుల్ల దూర్చాడు. తప్పింది. మళ్ళీ దూర్చాడు, ఇంకా తప్పింది. ఇంతలో ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. "ఇందాక ఏశాడుగా, రాక కాదు. మనకి చూపియ్యకూడదని" అంది రత్తమ్మ నవ్వుతూ. నాగులు చెవులు వేడెక్కాయి. దారం కనపడటం మానేసింది. చెయ్యి తనది కాకుండా పోయింది. పుల్ల కింద పెట్టి లేచి ఇంటి వెనక్కి నడిచాడు.

అక్కడ నీళ్ళ ఒడ్డున కూర్చున్నాక, పిల్లని భుజానేసుకుని ఇల్లిల్లూ తిప్పిన రోజు కళ్ళముందు నిలిచింది. ఇదే కదా ఆ రోజు దానికి జరిగింది. వచ్చినమాట పోయి, చుట్టూ ఇంతమంది నిలబడి, నోరు తనది కాకుండా పోయి, పైగా వీపు మీద దెబ్బ. అలక లేదు, శాపం లేదు. ఉన్నదల్లా భయపడిపోయిన ఒక చిన్నపిల్ల. ఆయనకి దుఃఖం ఆగలేదు. వెనక చిన్న అడుగుల చప్పుడైంది. పిల్ల వచ్చి పక్కన కూర్చుని, కింద పెట్టి వచ్చేసిన వెదురుపుల్లని ఆయన ఒళ్ళో పెట్టింది.

వానలు పడ్డాయి, కొల్లేరు నిండి గట్టు దాకా వచ్చింది, మళ్ళీ తీసింది. పనికిరాని వల జానెడు పెరిగింది. ఒక మధ్యాహ్నం సన్యాసమ్మ లోపల చేపలు తోముతోంది. వసారాలో తాతా మనవరాలే ఉన్నారు. నాగులు ఎడమచేత్తో ఒక వలకన్ను ముగించి, తృప్తిగా లాగి చూసి, ఇంకోటి మొదలుపెట్టబోయాడు.

పిల్ల వలని పట్టుకుని ఆపింది. ఆ ముడి వంక చూస్తూ తన గడ్డం కింద తనే రెండు వేళ్ళు ఆనించుకుంది. నోరు తెరుచుకుంది. నాలుక వెతుక్కుంది. నాగులు కదలకుండా కూర్చున్నాడు.

"కా..." అంది పిల్ల. ఆగింది. "దు."

చిన్న గొంతు. కాస్త బొంగురుగా ఉంది. కానీ మాట మాటే.

నాగులుకి ప్రాణం లేచొచ్చింది. ఏదీ, మళ్ళీ అను అన్న మాట పెదవుల దాకా వచ్చేసింది. కోడల్ని కేకేయాలనీ, రత్తమ్మని పిలిచి వినిపించాలనీ, అవతలి గట్టుకి చేరే ఆ గొంతంతా ఛాతీలో ఎగసింది. దాన్ని అక్కడే మింగేశాడు. ముడి వంక చూశాడు. నిజంగానే తప్పు. దారం కిందనుంచి పోవాల్సింది పైనుంచి పోయింది.

"అవును, కాదు" అన్నాడు మామూలుగా. "మరెట్టాగో చూపియ్యి, పేరమ్మా."

పిల్ల తలెత్తి చూసింది. ఆ పేరు తాత నోట వినడం అదే మొదలు. తర్వాత దగ్గరికి జరిగి ఆయన ఎడమచేతి కింద తన చిన్న చెయ్యి ఆనించి, మెల్లగా, పుల్లని కిందనుంచి దూర్పించి, తిప్పించి, లాగించింది. ముడి బిగిసింది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. పిల్ల మీసం మెలేసినట్టు చేసి నవ్వి, తల్లి దగ్గర చేపలు చూడటానికి లోపలికి పరిగెత్తింది.

నాగులు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా వసారా గుంజ ఉంది. అటూ ఇటూ చూసి, ఎన్నో ఏళ్ళ తర్వాత దాని వైపు కాస్త వంగాడు.

"ఓ గుంజా, విన్నావా?" అన్నాడు. "మనవరాలు కాదంది."

ఆ మాట పక్కింటికి కూడా వినిపించలేదు.